గేటు దగ్గర ఆగిన ఎర్ర బండి

నరసరావుపేటలో శకునాన్ని నమ్మనివాళ్ళు ఎవరని అడిగితే చాలామంది చేతులెత్తుతారు. బండి కొన్న రోజు వాళ్ళ ఇంటి ముందుకు వెళ్ళి చూడండి. చక్రం కింద నలిగిన నిమ్మకాయ కనిపిస్తుంది. బండి ఎంత ఖరీదైనదైతే నిమ్మకాయ అంత పెద్దది. ఇన్నేళ్ళుగా వేదికలెక్కి వాదించిన నేను మూఢనమ్మకం చదువుతో పోతుందని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఇటలీ మోటార్‌సైకిళ్ళ ప్రేమికుల మధ్య కొన్ని ఆదివారాలు గడిపాక ఆ భ్రమ పోయింది.

వాళ్ళు గుప్పెడుమంది. ఆదివారం తెల్లవారగానే ఒక పత్తి వ్యాపారి గోడౌను ఆవరణలో కలుస్తారు. టీ తాగి, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ దాకా వెళ్ళి, సాగర్ డ్యాం దగ్గర కృష్ణను చూసి వస్తారు. టీ తాగే ఆ కాసేపట్లో జరిగే వాదనలు వినాలి. వ్యాపారిది ఇటలీలో ఒక సరస్సు ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీలో తయారైన బండి. ఇంజను రెండు సిలిండర్లూ ట్యాంకు కింద నుంచి ఎద్దు మూపుల్లా చెరోపక్కకి పొడుచుకొచ్చి ఉంటాయి. నిలబెట్టి యాక్సిలరేటర్ తిప్పితే బండి మొత్తం ఒక పక్కకి ఒరుగుతుంది. పళ్ళ డాక్టరుది కొత్తది, బొలోన్యా నగరంలో పుట్టింది. నాలుగు సిలిండర్లు, పక్కన చిన్న రెక్కలు, ముందు ఫోనులాంటి తెర.

"ఏంది డాక్టరూ, అది బండా, టీవీనా?" అనేవాడు వ్యాపారి.

"మీదానికంటే నయం బాబాయ్. మీది నిలబడే ఊగుద్ది. కల్లు తాగినట్టు."

అయితే ఇద్దరూ ఒప్పుకునే అందగత్తె ఒకటే. అది మా చెల్లెలి ఇంట్లో ఉన్న ఎర్ర బండి. అదీ బొలోన్యాదే, కానీ పాతికేళ్ళ పైబడింది. రెండు సిలిండర్లు లంబకోణంలో, ఒకటి నేలకు సమాంతరంగా, ఒకటి ఆకాశం వైపు. మిగతా బండ్లలో నూనెలో మునిగి ఉండే క్లచ్చు ఇందులో పొడిగా ఉంటుంది. అందుకే నిలబడినప్పుడు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు గలగలమంటుంది. తెలియనివాడు ఏదో విరిగిందనుకుంటాడు. తెలిసినవాడు కళ్ళు మూసుకుని వింటాడు. మా చెల్లెలి భర్త బెంగుళూరులో ఎవరో అమ్ముతుంటే కొని తెచ్చి, ఏళ్ళ తరబడి ఆదివారాలు ఈ గుంపుతోనే తిప్పాడు. భార్యాభర్తలిద్దరూ కూర్చుని దాన్ని విప్పేవాళ్ళు, బిగించేవాళ్ళు. చెల్లెలు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. దాన్ని నడపడం కూడా ఆయన దగ్గరే నేర్చుకుంది.

ఆయన గుండె జబ్బుతో ఆసుపత్రి మంచం మీద పోయాడు. ఆ చావుకూ బండికీ సంబంధం లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా చావు జరిగిన ఇంటి బండి మీద అనుమానపు కన్ను పడింది.

కొన్ని నెలలు బండి ఇంట్లోనే మూలన నిలిచింది. నిలిచిన బండి చచ్చిపోతుందని చెల్లెలే డాక్టర్ని పిలిచి, ఆదివారాలు తిప్పమంది. వ్యాపారి ఈ సవారీ బృందానికి పెద్ద కదా, ఆయనకొక ఆనవాయితీ ఉంది. బయల్దేరే ముందు ప్రతి బండి హ్యాండిల్‌కూ నల్లదారంతో నిమ్మకాయా మిరపకాయలూ కడతాడు. తరువాత ఆయన భార్య చెంబుతో నీళ్ళు పట్టుకుని గేటు బయట నుంచి ఎదురొస్తుంది. ముత్తైదువ ఎదురొస్తే ప్రయాణం శుభం. హెల్మెట్లు పెట్టుకుని, తోలు జాకెట్లు తొడుక్కుని, ఇటలీ ఇంజన్లు వేడెక్కించుకుంటూ ఈ పెద్దమనుషులందరూ ఆ చెంబు కోసం కాచుకుని ఉండేవారు. నేను నవ్వేవాణ్ణి. వాళ్ళు నన్ను చూసి నవ్వేవారు.

ఆ మొదటి ఆదివారం చెల్లెలు తన బండి వెళ్ళడం చూద్దామని వచ్చి గేటు ఎదురుగా నిలబడింది. డాక్టరు ఎర్ర బండిని ఆవరణలోంచి తెచ్చి గేటు దగ్గర ఎడమకు తిప్పాడు. బండి టక్కున ఆగింది. మళ్ళీ పట్టలేదు. వెనక్కి నెట్టి, నిటారుగా నిలబెట్టి, చెల్లెల్ని పక్కకు జరగమన్నారు. మీట నొక్కితే వెంటనే పట్టింది.

మరుసటి ఆదివారం కూడా అంతే. ఆ తరువాతా అంతే. రోడ్డెక్కాక మాత్రం సాగర్ దాకా ఒక్క దగ్గర ఆగేది కాదు.

ఇక మాటలు మొదలయ్యాయి. చివరకు ఒక ఆదివారం, బండ్లు బయల్దేరే ముందు, వ్యాపారి మర్యాదగానే చెప్పాడు.

"అమ్మాయ్, నిన్నేమీ అనట్లా. కానీ నువ్వు ఎదురుపడితే ఆగుతుందని కళ్ళతో చూస్తన్నాంగా. హైదరాబాదు నుంచి ఒకాయన కొంటానంటన్నాడు. వచ్చే ఆదివారం వస్తాడు. ఇచ్చేయ్. నీకూ మనశ్శాంతి."

నేను నోరు తెరిచాను. కందుకూరి కాలం నుంచి మనం తోముతున్న పాచి ఇదేనని, భర్త పోయిన మనిషిని అశుభమనడం సిగ్గుచేటని, ఒక ఉపన్యాసం పైకొచ్చింది. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అన్నయ్యా, ఉండు. వాదిస్తే ఓడినవాడు మారడు." ఆయన వైపు తిరిగింది. "బాబాయ్, నాకు ఆ బండి మీద సాగర్ పోవాలనుంది. నేనే నడుపుకుంటా. మీరు చెప్పింది నిజమైతే అమ్మేస్తా, ఇక గేటు దగ్గరికి రాను. కానీ ముందు చూద్దాం. ఇప్పుడే నేను ఇంటికి పోతా. పిన్నిని ఎదురు రమ్మనండి. డాక్టరు గారు నడుపుతారు. ఆగిందో లేదో అన్నయ్య చెప్తాడు."

ఆమె నిజంగానే వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా వ్యాపారి చూశాడు. తరువాత భార్యను పిలిచాడు. ఆమె చెంబుతో, నిండుగా బొట్టుతో, ఎదురొచ్చింది. డాక్టరు గేటు దాకా వచ్చి ఎడమకు తిప్పాడు.

బండి ఆగింది.

వ్యాపారే తేరుకున్నాడు. "ఇంట్లో ఉన్నా, ఆ అమ్మాయి మనసు ఇక్కడే ఉందిగా!"

అప్పుడు ఆయన భార్య చెంబు గోడ మీద పెట్టింది.

"ఏందయ్యా, మనసా? ఎదురొచ్చింది నేను. ఆగింది నా ముందు. మరి నన్నేమంటావు? చెప్పు, నేనూ నష్టజాతకురాల్నేనా? ఆ పిల్లనంటే నోరొచ్చింది, నన్ననేటప్పటికి మనసు అడ్డమొచ్చిందా? ప్రతి ఆదివారం పొద్దున్నే నిలబెడతావు, కాళ్ళు పీకతన్నయ్ నాకు."

నా జీవితంలో ఎన్నో సభల్లో ఎన్నో ఖండనలు విన్నాను. ఇంత సూటి ఖండన వినలేదు. నేను ఫోన్ చేస్తే చెల్లెలు తిరిగొచ్చింది. మొత్తం విని, "అయితే మనుషులు కాదు" అంది. బండిని ఆవరణ మధ్యకు తెచ్చి స్టాండు మీద నిలబెట్టి స్టార్ట్ చేసింది. ఎదురుగా ఎవరినీ ఉండనివ్వలేదు. హ్యాండిల్‌ను మెల్లగా కుడికి చివరిదాకా తిప్పింది. ఇంజను గలగలలాడుతూనే ఉంది. ఎడమకు చివరిదాకా తిప్పింది. టక్కున ఆగింది. తిన్నగా పెట్టి మీట నొక్కింది, పట్టింది. మళ్ళీ ఎడమకు తిప్పింది, ఆగింది.

విషయం అంతే. గేటు పక్కనే కరెంటు స్తంభం ఉంది. అక్కడ హ్యాండిల్ చివరిదాకా తిప్పితే తప్ప బండి రోడ్డెక్కదు. పెద్ద రోడ్డు మీద ఎవరూ అంతగా తిప్పరు. ఈ సంగతి ఎవరూ ఎందుకు చూడలేదంటే, కారణం దొరికిందని అందరూ ముందే నిశ్చయించుకున్నారు. కారణం చేతిలో పెట్టుకున్నవాడు ఇంకోటి వెతకడు.

చెల్లెలు ముందు తొడుగు మరలు విప్పింది. తాళం దగ్గర నుంచి వచ్చే వైర్ల కట్ట కనిపించింది. దాని చుట్టూ నల్లదారం, దారం మీద దారం. పాత నిమ్మకాయ తెంపితే అది లాక్కున్న దిష్టి తిరిగి తగులుతుందని మా వాళ్ళ నమ్మకం. అందుకే ఎన్నాళ్ళుగానో కట్టినవన్నీ కుళ్ళి, ఎండి, లోపలికి జారి, అక్కడే ఉన్నాయి. బండి మూలన నిలిచిన నెలల్లో ఆ కుళ్ళిన నిమ్మరసం దారం వెంట కారి వైర్లు కలిసే చోటికి చేరింది. ఇత్తడి ముక్కలన్నీ ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఒకటి ఊడిపోవడానికి సిద్ధంగా వేలాడుతోంది. హ్యాండిల్ ఎడమకు వెళ్ళినప్పుడల్లా దారం ఆ వైరును లాగేది, ఇంజనుకు కరెంటు తెగేది.

"బాబాయ్, ఇది చూడండి" అంది చెల్లెలు. "దిష్టి తగలకుండా మీరు కట్టిందే దీనికి తగిలింది."

ఆయన వంగి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. డాక్టరు మాత్రం గబగబా తన కొత్త బండి దగ్గరికి పోయి కత్తెర కోసం వెతకడం నేను గమనించాను.

ఆ వారం చెల్లెలు ఆ ముక్కలు మార్చి, వైర్లు కొత్తగా కట్టింది. ఆదివారం నాడు హైదరాబాదు ఆయన కూడా వచ్చాడు. పాపం, ఆయనకేమీ తెలియదు. అందరూ ఇంజన్లు వేడెక్కించి, అలవాటు కొద్దీ గేటు వైపు చూస్తున్నారు. చెంబు రావడం లేదు. ఎర్ర బండి కూడా ఆవరణలో లేదు.

"ఏమేవ్!" అని కేకేశాడు వ్యాపారి, పక్కనే ఉన్న తన ఇంటి వైపు చూసి.

అప్పుడు వీధి చివర నుంచి ఆ గలగల వినిపించింది. చెల్లెలు ఎదురుగా వస్తోంది, సూటిగా గేటు వైపుకే. వెనక సీటు మీద వ్యాపారి భార్య, చీర కుచ్చిళ్ళు కాళ్ళ మధ్య బిగించుకుని, ఒక చేత్తో చెల్లెలి భుజం పట్టుకుని, రెండో చేత్తో హెల్మెట్ సర్దుకుంటూ. గేటులోకి వచ్చి, ఆవరణలో చుట్టు తిరిగి, స్తంభం పక్కన హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా తిప్పి, ఆగకుండా రోడ్డెక్కి నిలబడింది.

"శకునం ఇదే, ఇక కదలండి!" అని అరిచింది పిన్ని. "ఇద్దరం ఎదురొచ్చాం. ఇంకెవురు కావాలి మీకు?"

విధవ ఎదురొచ్చిన ప్రయాణం అది. మాచర్ల దాటి, ఎండిన కొండల మధ్య మలుపులు దాటి, అందరం సాగర్ చేరాం. నేను డాక్టరు వెనక కూర్చుని కళ్ళు మూసుకున్న మాట నిజమే, అది వేగానికి. ఎవరి చక్రమూ పంక్చరు కాలేదు. ఎవరి ఇంజనూ ఆగలేదు. ముందు నడిచింది ఎర్ర బండి. కొనడానికి వచ్చినాయన కారులో వెనకే వచ్చి, డ్యాం దగ్గర దిగి, "అమ్ముతారా అమ్మా?" అని మళ్ళీ అడిగాడు. చెల్లెలు హెల్మెట్ తీసి నవ్వింది. అదే సమాధానం.

ఆ రోజు కట్టడానికని తెచ్చిన నిమ్మకాయల సంచి వ్యాపారి బండికి వేలాడుతూనే ఉంది. పిన్ని దాన్ని తీసుకుని, పక్కన సోడాల బండి దగ్గరికి పోయి కోయించింది. ఉప్పు కలిపి అందరికీ గ్లాసులు పంచింది. వ్యాపారి ఒక గుక్క తాగాడు. కృష్ణ వైపు చూశాడు. ఎర్ర బండి వైపు చూశాడు.

"చానా బావుందే. ఇంకో గ్లాసు పొయ్యి" అన్నాడు.