మా ముత్తాత పిస్తోలు, నాయనమ్మ పసుపు

ఈ రోజు బాపట్లలో మా వంశ గౌరవం నిలబడిందో, కూలిపోయిందో మీరే తేల్చాలి.

మా ముత్తాతగారి పాత పిస్తోలుకు లైసెన్సు తాతయ్య పేరు మీద ఉండేది. ఆయన పోయాక, అది ఇక పేలదని పోలీసు ఆయుధాల అధికారి రాసిస్తేనే జ్ఞాపకంగా ఇంట్లో ఉంచుకోవచ్చన్నారు. పేలుతుందంటే అప్పగించేయాల్సిందే. అందుకని నేనూ నాయనమ్మా స్టేషన్‌లో ఇచ్చిన కాగితంతో సహా దాన్ని చీరల కొట్టు సంచిలో పెట్టుకుని, రేపల్లెలో బస్సెక్కాం.

అధికారి గొట్టంలోకి టార్చి వేసి చూశారు. ఊచ పెట్టి పొడిచారు. ఊచ వంగింది.

“ఏంటమ్మా ఇది, సిమెంటా?”

“పసుపండి. ఏటా దసరాకి ఆయుధపూజ చేస్తాం కదండీ. పైపైన రాస్తే ఏం బాగుంటుందని లోపల కూడా కూరుతుంటాను.”

“అయితే ఇక జన్మలో పేలదు.”

నేను లోలోపల గంతులేశాను. నాయనమ్మకు మాత్రం రోషం పొడుచుకొచ్చింది.

“పేలదంటారేంటండీ! మా మామగారి పిస్తోలండి అది. ఒక గుండు ఇప్పించండి, ఇక్కడే చూపిస్తాను!”

“నాయనమ్మా, నీకు దణ్ణం పెడతాను, పేలదని ఒప్పుకో!”

అధికారి నవ్వాపుకుంటూ ‘పేలదు’ అని రాసి సంతకం పెట్టారు. “ఆ పసుపు మాత్రం కడగొద్దమ్మా” అన్నారు.

పిస్తోలు క్షేమంగా దేవుడి గూట్లోకి చేరింది. మామగారి ఆయుధాన్ని నలుగురిలో పనికిరానిదనిపించానని నాయనమ్మ నాతో మాట్లాడటం మానేసింది. వంటింటి తలుపు కూడా వేసేసింది.

తీర్పు తర్వాత చెబుదురుగాని, ముందు మీ ఇంట్లో ఈ పూట కూరేంటో చెప్పండి.