ముందు చక్రాలు లాగని జీపు

మేస్త్రి పోయాడని నాకు నాలుగో రోజున తెలిసింది. ఆయన బళ్లు బాగుచేసే షెడ్డుకీ మా ఇంటికీ మధ్య రెండు వీధులే దూరం. అయినా ఎవరూ వచ్చి చెప్పలేదు. పాలపాకెట్టు కోసం వెళ్తుంటే తిరువూరు బస్టాండు దగ్గర కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన ఫోటో కనిపించింది. పేరు పక్కన ‘గారు’ అని అచ్చువేశారు. బతికుండగా ఆయన్ని గారు అన్నవాడు ఊళ్లో ఒక్కడూ లేడు, నాతో సహా. అందుకని నేను మేస్త్రి అనే రాస్తాను.

ఎవరూ ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. పదకొండేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఆయన నా జీపులో సామాను కాజేశాడని నేను నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. టీకొట్లో చెప్పాను, గ్రంథాలయంలో చెప్పాను, పెళ్లి భోజనాల బంతిలో కూర్చుని కూడా చెప్పాను. బడిపంతులుగా ముప్పై ఏళ్లు పనిచేసినవాడి మాటకు విలువ ఉంటుంది. నెమలి ఊరి వైపు రైతులు కొందరు తమ బళ్లను వేరే షెడ్డుకు తోలుకుపోయారు. అప్పుడు నాకు సంతోషమే కలిగింది.

ఆ జీపు మిలటరీ వాళ్లు వేలం వేస్తే మా నాన్న కొన్నది. మామూలు బండికి ఇంజను బలం రెండు చక్రాలకే వెళ్తుంది. దీనికి గేరు పక్కనున్న చిన్న లివరు లాగితే ముందు చక్రాలకు కూడా వెళ్తుంది. పెనుగొలనులో మా చేనికి వానాకాలం ఆ నల్లరేగడి బురదలో చేరాలంటే అలాంటి బండి ఉండాల్సిందే. నేనైతే గంపలగూడెం తారురోడ్డు మీద కూడా నాలుగు చక్రాలతోనే నడిపేవాణ్ణి. అది తప్పని మేస్త్రి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

“బురదలో అయితే చక్రాలు జారి సర్దుకుంటాయి మాస్టారూ. తారు మీద సర్దుకునే చోటుండదు. నాలుగూ నేనంటే నేనని లాగితే బండి తన్ను తానే విరగ్గొట్టుకుద్ది.”

మా ఇంట్లో మూడు బీరువాల పుస్తకాలున్నాయి. ఉమ్మడి కుటుంబాల గురించి, పార్టీల గురించి ఇంత పొందికైన మాట వాటిలో నాకు దొరకలేదు. స్టాఫురూములో దీన్ని నా మాటగా చెప్పి మెప్పు పొందాను. ఎవరిదని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆయన పని చేస్తుంటే చూడాలనిపించేది. ముందు నేల మీద గోనెసంచి పరిచేవాడు. విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పేర్చేవాడు. పొడుగు స్క్రూడ్రైవరు ఒక కొస గేరుబాక్సుకు, రెండో కొస చెవికి ఆనించి కళ్లు మూసుకుని వినేవాడు. పనికిరాదని తీసేసిన సామానును గోతంలో కట్టి బండి వెనక సీటు కింద పెట్టి మరీ పంపేవాడు. “విప్పిన ఇనుము బండాయనది. చెత్తయినా ఆయనదే” అనేవాడు. నాకోసం షెడ్డులో ఒక చెయ్యి విరిగిన కుర్చీ ఉండేది. ఆయన పని చేసుకునేవాడు, నేను చదువుకునేవాణ్ణి.

తారు మీద అలా తోలగా తోలగా ఒక వానాకాలం జీపు ముందు జాయింట్లు అరిగిపోయి స్టీరింగు పక్కకు లాగడం మొదలైంది. మూడు రోజులు షెడ్డులో ఉంచాడు. మూడో రోజు సాయంత్రం, ఇక భయం లేదు, తోలుకోండి మాస్టారూ అన్నాడు. స్టీరింగు పువ్వులా తిరిగింది. డీజిలు కూడా తక్కువ తాగింది. లివరు ఎక్కడిదక్కడే ఉంది. బురదలో దాన్ని లాగి చిన్న గేరులో వేస్తే జీపు గుర్రుమంటూ పోయేది. రెండేళ్లపాటు ఆయన పనితనాన్ని అందరి దగ్గరా పొగిడాను.

తర్వాత ఒక శ్రావణమాసంలో చేనిదారిలో దిగబడ్డాను. లాగడానికి వచ్చిన ట్రాక్టరు డ్రైవరు గొలుసు తగిలించడానికి కిందికి వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

“మాస్టారూ, ముందు చక్రాలకి బలం పంపే రాడ్డే లేదు కదండీ. ఇది రెండు చక్రాల బండే. మీకు తెలీదా ఏంటి?”

రెండేళ్లుగా నేను లాగుతున్న లివరు ముందు చక్రాలకు ఏ బలాన్నీ పంపడం లేదు. చిన్న గేరు వల్ల వెనక చక్రాలకే కాస్త పట్టు పెరిగేది, అంతే. తిన్నగా షెడ్డుకు వెళ్లాను. పదిమంది ఉండగా, రాడ్డు ఏది, ముందు గేర్లు ఏవి అని అడిగాను. మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు.

“మీకు చెప్పే తీశాను మాస్టారూ. ఆ కుర్చీలోనే కూర్చున్నారు. ఊఁ అన్నారు.”

నేను ఆయన్ని అబద్ధాలకోరు అన్నాను, దొంగ అన్నాను. ఆయన మళ్లీ పనిలోకి వంగాడు.

పెద్దకర్మకు ముందురోజు ఆయన ఇంటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే చెప్పలేను. ఆయన భార్య మంచినీళ్లిచ్చి కుర్చీ వేసింది. నేనేమీ అడగకముందే తనే అంది.

“ఆయనకి మీ మీద కోపం లేదండి. మాస్టారు చదువుకునేటప్పుడు చెప్పడం నాదే తప్పు, పుస్తకం మూసేదాకా ఆగాల్సింది అనేవాడు.”

మరి ఆ ఇనుము ఏమైందని అడిగాను. గోతంలో కట్టి మీ బండిలోనే పెట్టానన్నాడండి, ఇంట్లో చూసుకోలేదా అని ఆవిడే నన్ను ఎదురడిగింది.

అప్పటినుంచీ నా బుర్ర నా స్వాధీనంలో లేదు. ఒక గోతం, దాని మూతిలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనపరాడ్డు, మా పెరటి గోడకు ఆనించి ఉన్నట్టు కళ్లకు కడుతుంది. పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చే బండివాడు వీధిలో కేకవేసినట్టు కూడా వినిపిస్తుంది. జీపు బాగుచేయించిన ఏడు మా మంచం కింద బోలెడు ఉల్లిపాయలు ఉన్నమాట నిజం. దేనికి బదులుగా వచ్చాయో తెలియదు. నేను మేస్త్రి మీద నిప్పులు చెరుగుతున్న రోజుల్లో మా ఆవిడ ఒకసారి ఏదో చెప్పబోయిందనీ, నేను నోరు మూయించాననీ అనిపిస్తుంది. ఆమె పోయి నాలుగేళ్లయింది. లేక, మేస్త్రి భార్య గోతం అన్నాక నేనే గోతాన్ని కల్పించుకున్నానా? డెబ్బై ఎనిమిదేళ్ల జ్ఞాపకం అడిగినదల్లా తెచ్చిపెడుతుంది.

ఇంకో ముడి కూడా విడదు. నేను వినలేదని తెలిసినవాడు రెండోసారి ఎందుకు చెప్పలేదు? లివరు ఎందుకు ఉంచాడు? నా ముచ్చట తీరనీ అనుకున్నాడా? వెనక నవ్వుకున్నాడా? తీయడం మరో పూట పని అని వదిలేశాడా? ఎటు తిప్పినా మూడూ ఒకలాగే నిజమనిపిస్తున్నాయి.

పెద్దకర్మ నాటి సంస్మరణ సభలో మేస్త్రి నిజాయితీ గురించి అరగంట మాట్లాడిన పెద్దమనిషి, నా ఆరోపణను అందరికన్నా ముందు ఊరంతా మోసినవాడు. అతని పేరు ఇక్కడ రాయాలనే కలం పట్టాను. రాస్తే, ఆ మాట అతని చేతికిచ్చిన నా పేరు దానికంటే ముందు రాయాలి. కనుక రాసేది ఇదొక్కటే: మేస్త్రి దొంగ అని నా నోట విన్నవాళ్లారా, నా దగ్గర ఏ ఆధారమూ లేదు. అప్పుడూ లేదు. ఉన్నట్టు మాట్లాడాను.

పెద్దకర్మ అయిన మర్నాడు జీపు తీసుకుని చేనికి బయల్దేరాను. ఎగువన కురిసిన వానకు కట్టలేరు వాగు చప్టా మీదుగా నీళ్లు పారుతున్నాయి. లోతు తెలియలేదు. ఇంజను ఆపేశాను. అవతలి గట్టున గొడుగు పట్టుకున్న మనిషి ఒకడు నన్ను చూసి చెయ్యి ఊపుతున్నాడు. రమ్మంటున్నాడో, రావద్దంటున్నాడో పొరలు కమ్మిన నా కళ్లకు తెలియలేదు. కేకవేశాడు, నీళ్ల హోరులో వినబడలేదు. కాసేపటికి చెయ్యి దించాడు. మళ్లీ ఎత్తాడు. మా ఇద్దరి మధ్య ఎర్రటి నీళ్ల మీద పత్తికంప కొట్టుకుపోతూ ఉంది.