అంచు దాకా పోయిన తప్పు

డెబ్బైల చివర, డిగ్రీ అయిన ఎండాకాలం, వారం తిరక్కుండా రెండు ఉత్తరాలు వచ్చాయి. అనంతపురంలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ సీటు ఒకటి, తిరుపతిలో లెక్కల ఎమ్మెస్సీ సీటు ఒకటి, అందులో టోపాలజీ ప్రత్యేకంగా. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక్కచోటికే పంపగలం, అదీ సోమవారం పోస్టులో పడాలి. కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను.

నేను డిగ్రీ చదివిన ఆదోని కాలేజీలో ఒక మాష్టారు, సిలబస్‌లో లేకపోయినా, ఒక గంట టోపాలజీ చెప్పారు. తెంచకుండా, అతకకుండా ఎంత సాగదీసినా వస్తువులో మారనిదేమిటో వెతికే లెక్కలవి. ఆ రోజు మా ఊరు ఎమ్మిగనూరు దాకా బస్సులో నిలబడే వచ్చినా కాళ్ళ నొప్పి తెలియలేదు. కానీ అది చదివితే ఏమొస్తుందంటే నా దగ్గర జవాబు లేదు. స్టాటిస్టిక్స్‌కైతే మా మగ్గాల వీధి మొత్తానికీ జవాబు తెలుసు, బ్యాంకు ఉద్యోగం. అందుకే కవరు మీద అనంతపురం అడ్రసు రాసి, అంటించకుండా వదిలేశాను. ఒట్టి పిరికిదాన్ని.

శనివారం నాయన నన్ను పడుగు అతకడానికి కూర్చోబెట్టాడు. మగ్గంలో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే, వరుస తప్పకుండా, బూడిద అద్దిన వేళ్ళతో మెలిపెట్టాలి. మధ్యలో పక్కింటి మామ వక్కాకు నములుతూ వచ్చాడు.

"ఏం పాపా, యాడికి పోతాండావు సదువుకు?"

"అనంతపురమే మామా. నాకదే ఇష్టం."

మామ సంబరంగా నవ్వితే ఒక ఎర్ర తుంపర తెల్ల పోగుల మీద పడింది.

సాయంత్రం ఎర్ర అంచు మొదలయ్యే దగ్గరికొచ్చేసరికి కొత్త ఎర్ర పోగుకు పాత తెల్ల పోగు ఎదురైంది. ఎక్కడో ఒక కొత్త పోగు దాటేశాను.

"ఈడ ఒక పోగు తెంపేస్తే సరిపోతాది నాయినా," అన్నాను.

"ఈడ కనపడింది, అంతే. యాడ తప్పినావో ఆడికి పో."

గొణుక్కుంటూ విప్పుకుంటూ పోయాను. దొరికింది, సరిగ్గా వక్కాకు చుక్క పక్కన. సిగ్గుతో ఏడుపొచ్చింది.

"మామకు అబద్ధం చెప్పినా నాయినా. నాకు తిరుపతి సదువు కావాల."

"అది సదివితే ఏమొస్తాది?"

"తెలీదు."

ఆయన తప్పిన పోగు కొస నా చేతికిచ్చాడు. "తెలీదంటే తెలీదని సెప్పు. దానికి పడుగంతా సెడగొట్టుకోవల్లా?"

ఆదివారమంతా మళ్ళీ అతికాను. సోమవారం పొద్దున్నే కవరు విప్పదీసి, లోపలివైపు బయటికి తిప్పి, పడుగుకు పట్టించే గంజితోనే అంటించి, తిరుపతి అడ్రసు రాశాను. పోస్టాఫీసు దారిలో మామే ఎదురయ్యాడు.

"అనంతపురానికేనా?"

"తిరుపతికి. ఏమొస్తాదో నాకూ తెలీదు మామా," అన్నాను, వీధంతా వినేటంత గట్టిగా.