గీయకూడని గడ్డం

నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్లే రైల్లో నా పక్కన గుబురు గడ్డంతో ఒకాయన కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా ఐస్ హాకీలో డిఫెన్స్ ఆడుతున్నాడట.

"నాకౌట్ మ్యాచ్‌లు మొదలయ్యాక మా టీమ్‌లో ఎవరం గడ్డం గీసుకోం," అన్నాడు.

మన తిరుపతి మొక్కులాంటిదే అనుకుని, "త్వరలోనే మీ గడ్డం తీసే రోజు రావాలి!" అని దీవించాను.

ఆయన మొహం వాడిపోయింది. "ఓడితే ఆ రోజే తీస్తాం. నాకు నలభై దాటాయి. రేపు ఓడితే నాకు ఇక ఆటే ఉండదు."

"అయ్యో! మరి గెలిస్తే ఉంచుతారా?"

"రేపు గెలిస్తే ఉంచుతాం. చివరికి కప్పు గెలిచినా తీసేస్తాం."

నాకు తల తిరిగింది. బట్టతల కాబట్టి కాస్త తొందరగానే తిరిగింది.

"రేపటికి మాత్రం పెరగనివ్వమని మొక్కండి, చాలు," అని ఆయనే నవ్వి దిగిపోయాడు.

వెంకన్నకు చెబితే వెంట్రుకలు అడుగుతాడు. అందుకని మంచుకొండ మీద జటలు పెంచుకున్న శివుడికే విన్నవించాను.