గాలిని తాగి బతికే రాతిపువ్వు

నేను పుట్టి పెరిగింది విశాఖలో, ఫ్యాక్టరీల పక్క కాలనీలో. పొద్దున తుడిచిన వరండా సాయంత్రానికల్లా నల్లటి ధూళితో కాళ్లకింద గరగరలాడేది. చెట్ల మాన్లంటే నల్లగా, నున్నగానే ఉంటాయనుకునేదాన్ని. అందుకే మన్యం కొండల్లో డుంబ్రిగుడ దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు సైన్స్ టీచర్‌గా వచ్చిన కొత్తల్లో, బడి వెనక కాఫీ తోటలోని సిల్వర్ ఓక్ చెట్లను చూసి వాటికేదో తెగులు పట్టిందనుకున్నాను. మాను నిండా బూడిదరంగు పొలుసులు. కొమ్మలకు నెరిసిన గడ్డాల్లా వేలాడే పీచులు.

దగ్గరికెళ్లి చూస్తే తెగులు కాదు, లైకెన్లు! కిరాణా కొట్లో మసాలా దినుసుల మధ్య రాతిపువ్వని అమ్మేది ఈ జాతే. ఏళ్ల తరబడి పాఠం చెప్పాను గానీ, ఇంత విరివిగా, ప్రాణంతో ఉండగా చూడటం అదే మొదలు. బూజూ నాచూ ఒక్కటై బతికే వీటికి వేర్లుండవు. నీళ్లూ ఖనిజాలూ గాలిలోంచే పీల్చుకుంటాయి. ఆ గాలిలో విషపు పొగ కలిస్తే దాన్నీ పీల్చుకుని చచ్చిపోతాయి. గాలి ఎలా ఉందో చెట్టును చూసి చెప్పొచ్చన్నమాట. ఇక నాకు కాలు నిలవలేదు. మర్నాడు ఎనిమిదో తరగతి మొత్తాన్నీ వెంటబెట్టుకుని తోటకు బయల్దేరాను.

టూరిస్టు బండ్లు తిరిగే రోడ్డు దగ్గర మొదలుపెట్టాం. అక్కడి చెట్లకు రోడ్డువైపు మాను బోసిగా ఉంది, వెనకవైపు మాత్రం పలచగా పొలుసులున్నాయి. లోపలికి పోయేకొద్దీ పొలుసులు దట్టమయ్యాయి, ఆపైన గడ్డాలు వేలాడసాగాయి. పిల్లలు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పరుగులు తీస్తుంటే, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నేనూ వాళ్ల వెనకే పరుగెత్తాను.

బాగా లోపలికి వెళ్లాక ఒక పిల్ల ఆగిపోయింది. కొండమీది ఊరినుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల. తరగతిలో నోరు విప్పేది కాదు.

"మేడం, ఇటు రండి. ఈ సెట్టుకి ఏటీ నేదు."

నిజమే. చుట్టూ అంత దట్టంగా ఉన్నచోట ఆ ఒక్క మానూ నల్లగా మాడి ఉంది. దాని మొదట్లో బూడిద కుప్ప, కరిగి ముద్దలైన నీళ్ల సీసాలు, సగం కాలిన పేపరు ప్లేట్లు. కంచె అవతల టూరిస్టుల టెంట్లు కనిపించాయి. తోటా, టెంట్లూ ఒకామెవే. రోజూ పొద్దున్నే చెత్త అక్కడ తగలబెడుతోందట.

ఆమెను కంచె దగ్గరికి పిలిచి మేం అడిగేసరికి కోపం వచ్చింది. "నన్నేటి సెయ్యమంటారు? సెత్త ట్రాక్టరు మెయిన్ రోడ్డు దాటి రాదు కదా," అంది.

ఆ పిల్ల పక్కనున్న కాఫీ ఆకు తెంపి, అరచేతికి రుద్ది, నల్లటి మసి ఆమెకు చూపించింది.

"అత్తా, ఈ పొగ మన కాఫీ మీదే పడతంది. సెట్టు కూడా దీన్నే పీల్చుకుంతంది."

ఆమె మరో ఆకు తెంపి తనూ రుద్ది చూసుకుంది. ఆ వారమే మాతోపాటు పంచాయతీ ఆఫీసుకు నడిచి వచ్చింది. వాళ్లు కొన్నాళ్లు తిప్పారు గానీ, చివరికి ట్రాక్టరు తోట సందుదాకా రావడం మొదలైంది. మంట ఆగిపోయింది.

రెండు వానాకాలాలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున్న ఆ పిల్ల నా క్వార్టర్ తలుపు దబదబా బాదింది. "మేడం, బేగి రండి," అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మాడిన మాను మీద గోరంత బూడిదరంగు మచ్చ! పిట్ట రెట్టేమోనని అనుమానించాను. ఎండిన లైకెన్ మీద నీళ్లు పడితే రంగు మారుతుందని చెప్పాను. అంతే, తన సీసా మూత తీసి మచ్చ మీద నీళ్లు ఒలకబోసింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. బూడిదరంగు కరిగిపోయి, మా కళ్లముందే మచ్చంతా లేత పచ్చగా తేలింది.

ఆ పిల్ల నవ్వుతూ టెంట్లవైపు పరుగెత్తింది, ఆమెను పిలుచుకు రావడానికి.