వరద ఒడ్డున మా మేనేజరు గారు

మా ప్రొడక్షన్ మేనేజరు గారు పోయారని పొద్దున ఫోన్ వస్తే వెంటనే నమ్మలేదు. ఎవరినైనా తప్పించుకోవాలంటే, తన ఒంట్లో బాగాలేదని ఆయనే కబురు పుట్టించేవారు. ఫిల్మ్‌నగర్‌లో ఆయన వాకిట్లో అన్ని చెప్పులు చూశాక గానీ నా అనుమానం తీరలేదు.

ఆయనకు ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. టీ తెచ్చినవాడు ముందు ఒక గుక్క తాగాలి. "మంచిగ మాట్లాడేటోనితోనే జర పైలం తమ్మీ," అనేవారు. అసిస్టెంట్ డైరెక్టరుగా చేరిన నాకు ఆయన మొదట నేర్పింది అదే.

తొంభైలలో ఒక పాట కోసం నార్వే వెళ్లాం. నది ఒడ్డున చిన్న ఊరు. ఎర్ర చెక్క ఇళ్లు, ఒక వంతెన. ఒడ్డున షూటింగుకు మునిసిపాలిటీ వెంటనే ఒప్పుకుంది. సామాన్లు పెట్టుకోమని వాళ్ల హాలు తాళం కూడా ఇచ్చింది. ఆయన ముఖం మాడిపోయింది.

"అడగంగనే ఇచ్చిన్రంటే ఏందో ఉన్నది."

మునిసిపాలిటీ ఆఫీసరమ్మ ఒకావిడ రోజూ వచ్చి, నది వైపు చూసి, పుస్తకంలో ఏదో రాసుకుని పోయేది. మాకు జరిమానా వేయడానికే కాపు కాస్తోందని ఆయన అనుమానం. అది నాకూ అంటుకుంది.

ఒక మధ్యాహ్నం ఆమె పరుగున వచ్చింది. కొండల మీద మంచు కరిగి వరద వస్తోంది, ఒడ్డు ఖాళీ చేయమంది. ఆకాశంలో మబ్బు లేదు. మేం సర్దుకుంటుంటే ఆయన కెమెరా ట్రాలీ పట్టాల మీద కూర్చుండిపోయారు.

"వానే లేదు, వరద యాడికెళ్లి వస్తది? మనల్ని ఎల్లగొట్టి జాగ ఇంకొకలకిస్తది."

ఆ మాట ఆమెకు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. "ఆయన లేచినప్పుడే నేనూ లేస్తాను," అంది.

నీళ్లు మట్టిరంగుకు తిరిగాయి. దుంగలు కొట్టుకొస్తున్నాయి. బూట్లు మునిగినా ఆమె కదలలేదు. ఆయన ఆమె ముఖంలోకి చూశారు. లేచి, చెయ్యందించారు. మేం గట్టెక్కిన కాసేపటికే పట్టాలను నది లాక్కుపోయింది.

"ఇప్పుడు నమ్మకం కుదిరిందా సార్?" అని విమానంలో అడిగాను.

"మునిసిపాలిటీని నమ్మలే. ఆమెను నమ్మిన."

మరుసటి వానాకాలం ఫిల్మ్‌నగర్ గుట్ట మీద ఒక బండ కింద మన్ను జారింది. దిగువ గుడిసెలోని ముసలమ్మ బయటికి రానంది. "నన్ను లేపి జాగ గుంజుకుంటరు," అంటోంది. చుట్టూ అందరూ అరుస్తున్నారు. మేనేజరు గారు లోపలికి వెళ్లి ఆమె పక్కన చతికిలబడ్డారు.

"నీ జాగల నేనున్నా గట్లనే అనుకుంట అవ్వా. నువ్వు లేస్తెనే నేను లేస్త."

నేను బయట ఆ బండ వైపే చూస్తూ నిలబడ్డాను. చివరికి ఇద్దరూ వచ్చారు. ఆయన్ని తలుచుకుంటే నాకు కనిపించేది ఆ వానే. ముసలమ్మ చంకలో కోడిపెట్ట, ఇంకో చేత్తో గట్టిగా పట్టుకున్న ఆయన మణికట్టు. గుట్ట దిగుతూ ఆమె ఆయన్ని అనుమానంగానే చూస్తోంది.