లవంగానికి డబ్బింగ్

నిన్న పొద్దున డబ్బింగ్ థియేటర్ తలుపు తీయగానే లవంగం వాసన గుప్పున తగిలింది. ఆ గదిలో మామూలుగా ఉండేది పాత కార్పెట్ వాసన, ఏసీ చలి. మైకు ముందు కొత్తగా చేరిన శ్రావణి నిలబడి ఉంది. గొంతు పట్టేసిందని బుగ్గన లవంగం పెట్టుకుందట. నన్ను చూడగానే తప్పు చేసినట్టు తీసేయబోయింది. "ఉండనీ అమ్మా" అన్నాను. తెర మీద ఒక తల్లి పాత్ర మాటేమీ లేకుండా పెదాలు కదుపుతోంది. "ఇక్కడ ఏదో ఒకటి నింపమంటున్నారు సార్. ఏమనమంటారు?" అని అడిగింది. ఇరవై ఏళ్లుగా పరాయి పెదాలకు మాటలు అతికించి బతుకుతున్నవాణ్ణి, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండాలి. ఉంది కూడా. కాకపోతే ఆ జవాబు నాది కాదు, ఇబ్రహీంపట్నంలో పిండి గిర్ని నడిపిన జంగయ్యగారిది.

మీలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు, పేరు తెలిసి ఉండదు. హీరోకి తప్పుడు దారి చెప్పే ఆటోడ్రైవరు, దొంగకు తనే గేటు తీసిపెట్టే వాచ్‌మన్, పెళ్లిలో రెండో బంతిలో కూడా కూర్చుని దొరికిపోయే చుట్టం. అర నిమిషం కనబడి హాలంతా నవ్వించి వెళ్లిపోయేవాడు. సినిమాలకు ముందు ఇరవై ఏళ్లు నాటకాలాడాడు. జోకర్ జంగయ్య అంటే యాచారం నుంచి మంచాల దాకా తెలియని ఇల్లు లేదు. కూడు పెట్టింది మాత్రం గిర్నే. ఆ మోతలో గిరాకీలతో అరిచి అరిచి ఆయన గొంతు గరుకు తేలింది. ఆ గొంతుతో మంచినీళ్లు అడిగినా నవ్వొచ్చేది. సినిమావాళ్లకు ఆ గొంతు వాచ్‌మన్ వేషం వరకే నచ్చింది. కొంచెం చదువుకున్న పాత్రో, పెద్దమనిషి పాత్రో ఇస్తే ముఖం ఆయనది ఉంచుకుని, గొంతు ఇంకొకరిది పెట్టేవారు. అలా ఒకసారి ఆ ఇంకొకణ్ణి నేనే.

మాది గోదావరి వైపు. మా నాన్న ఉద్యోగరీత్యా వచ్చి బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నాడు. నాకు నా గొంతంటే మహా మోజు ఆ రోజుల్లో. ఫోనెత్తి హలో అన్నా అవతలివాళ్లు మెచ్చుకోవాలనుకునేవాణ్ణి. జంగయ్యగారు రిటైరైన హెడ్మాస్టరుగా వేసిన ఒక సినిమాకు నన్ను పిలిచి డబ్బింగ్ చెప్పించారు. ఒక సన్నివేశంలో, అరగంట ఆలస్యంగా వచ్చిన అల్లుణ్ణి ఆయన ఎగాదిగా చూస్తారు. పెదాలు కదులుతున్నాయి, కాగితంలో మాటల్లేవు. ఇలాంటివి నింపడంలో నన్ను మించినవాడు లేడని నా ధీమా. "ఆ... అదేలెండి... ఈ కాలం పిల్లలు..." అంటూ చక్కగా గొణిగి పెట్టాను. సౌండ్ ఇంజనీరు భేష్ అన్నాడు. నేనూ అనుకున్నాను.

సినిమా విడుదలైన వారానికి నాకు కబురొచ్చింది, ఇబ్రహీంపట్నం జంగయ్య ఒకసారి రమ్మన్నాడని. అప్పటిదాకా మేం ఒకరికొకరం ఎదురుపడలేదు. డబ్బింగ్ లోకం అలాంటిదే, ఒకే మనిషిలో ఇద్దరం ఉంటాం, ముఖాముఖి మాత్రం కలవం. బండి మీద బయల్దేరాను. నాదర్‌గుల్ దగ్గర శిక్షణ విమానం ఒకటి తలమీదుగా పోతుంటే, దిగగానే నాకు పడబోయే తిట్లు లెక్కపెట్టుకున్నాను. గొంతు దొంగిలించినవాణ్ణి కదా.

గిర్ని ముందు డబ్బాలు పట్టుకుని ఐదారుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. లోపల కనుబొమ్మల దాకా పిండి పట్టిన పొట్టి మనిషి. నన్ను నేను పరిచయం చేసుకోగానే పైనుంచి కిందిదాకా చూశాడు. మోటారు ఆపేశాడు.

"గొంతు నీది పెట్టిండ్రు. పెట్టనీ. గది నీ తప్పు గాదు" అన్నాడు. "గని నా ఊపిరెందుకు గుంజుకున్నవ్?"

"నేనేం చేశానండీ?"

"అల్లుణ్ణి చూసే కాడ ఏమో సదివినవ్ గదా. గప్పుడు నేను మాట్లాడలే తమ్మీ. నా నోట్ల లవంగముండె. దాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పుకుంటున్న. నువ్వు గా లవంగానికి డబ్బింగ్ చెప్పినవ్."

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ మౌనంలో అల్లుడు బెదరాలట, చూసేవాళ్లు బిగబట్టాలట, అప్పుడు "అన్నం తిన్నవా?" అంటే నవ్వు పొంగాలట. నా గొణుగుడుతో ఆ పొంగు కాస్తా చల్లారిపోయింది. ఊళ్లో హాల్లో ఒక్కరూ నవ్వలేదట. పైగా వెనక బెంచీ నుంచి ఎవరో, "జంగన్నా, గొంతు యాడ పోగొట్టుకున్నవే?" అని అరిచారట. ఆ మాట చెప్పింది ఆయన కాదు, చాయ్ తెచ్చిన ఆయన భార్య సత్తెమ్మ. "గా దినం బువ్వ తినలే" అని కూడా చెప్పింది. "ఒక్క పెద్ద ఏషమన్న తన గొంతుతోని రావాలె అంటడు. ఇగ ఎప్పుడొస్తదో."

తిడతాడనుకున్నవాడు చాయ్ తాగించి, మళ్లీ ఆదివారం రమ్మన్నాడు. వెళ్లాను. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు వెళ్లానో చెప్పలేను. నేను సర్టిఫికెట్లు చాలా సంపాదించాను గానీ, చదువు చెప్పించుకున్నది మాత్రం ఆ గిర్నిలోనే, జొన్నపిండి దుమ్ము తింటూ.

ఒక రోజు ఒకావిడ డబ్బా తూచుకుని, "జంగన్నా, నా పిండి జర తక్కువొచ్చిందేంది?" అని నిలదీసింది. ఆయన చెయ్యి స్విచ్చి మీదకు పోయింది. మోటారు బంద్ చేశాడు. మోత ఆగింది, గిర్నిని తిప్పే తోలు పట్టా మాత్రం ఊపు తగ్గుతూ తిరుగుతోంది. అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. పట్టా ఆగీ ఆగగానే ఆవిడ ముందుకు తల వంచి, "గిదంత నీదే అక్కా. దులుపుకొని పో" అన్నాడు. నెత్తి నిండా పిండి. ఆవిడ నవ్వలేక డబ్బా కింద పెట్టేసింది. వాళ్లు వెళ్లాక నాకు చెప్పాడు: "చూసినవా? కరెంటు బంద్ జేసినంక గూడ పట్టా జరసేపు తిరుగుతది. గంతసేపు ఆగాలె. ముందుగాల చెప్తే మోతల పోతది. ఆలస్యం జేస్తే మనిషి ఇంటికి పోతడు." హాస్యం గురించి నేను చదివిన పుస్తకాలేవీ అంతకు మించి చెప్పలేదు.

ఆయన నాటకం ఒకటి ఊళ్లోని ఫంక్షన్ హాల్లో చూశాను. రాత్రి పూట వేశారు. రాజుగారి బంటు వేషం. ముఖ్య అతిథికి శాలువా కప్పి ముందు వరుసలో కూర్చోబెట్టారు. నాటకం మధ్యలో కరెంటు పోయింది. కళ్లు పొడుచుకున్నా కనబడని చీకటి. పిల్లలు ఏడుపు అందుకున్నారు, కుర్చీలు జరుగుతున్నాయి. అంతలో వేదిక వైపు నుంచి ఆ గరుకు గొంతు: "ఎవ్వరు లేవకుండ్రి! నేను గిప్పుడే గుర్రమెక్కుతున్న." అందరూ ఆగిపోయారు. "ఎక్కిన. మస్తున్నది గుర్రం. మెత్తగున్నది." పట్టా తిరిగినంతసేపు ఆగాడు. "గని గిదేంది, గుర్రానికి శాలువ గప్పిండ్రు?" హాలు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ ముఖ్య అతిథే. కరెంటు వచ్చేదాకా ఒక్కడూ కదలలేదు. వెలుగొచ్చాక చూస్తే ఆయన ఎక్కడివాడక్కడే, వేదిక మధ్యలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు నాకు సిగ్గేసింది. చీకట్లో అంతమందిని నవ్వించిన గొంతును తీసేసి, దాని చోట నా తియ్యటి గొంతు పెట్టానా అని.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఆయనకు పెద్ద పాత్ర దొరికింది. రిటైరైన బస్సు కండక్టరు, సినిమా అంతా ఉంటాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. షూటింగ్ అయ్యాక ఒక రోజు ప్రొడక్షన్ మేనేజరు నాకే ఫోన్ చేశాడు. గొంతు మరీ గరుకుగా ఉంది, అన్ని జిల్లాలకూ ఎక్కాలి కదా, ఆయనకు మీరైతే బాగా కుదురుతుంది అని.  తిన్నగా గిర్నికి వెళ్లి చెప్పాను. ఆయన జల్లెడలో ఉన్న పిండంతా పట్టేశాడు.

"పోయి చెప్పు" అన్నాడు చివరికి. "నువ్వు గాకుంటే ఇంకోడు చెప్తడు. నువ్వైతే నా ఊపిరన్న ఉంచుతవ్."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు, నా మీద. మర్నాడు దర్శకుడి దగ్గరకు వెళ్లి, "ఒక్క పూట ఇవ్వండి. ఆయనతోనే చెప్పిస్తాను. నచ్చకపోతే సాయంత్రం నేను చెప్తాను" అన్నాను. కుర్రవాడు మంచివాడే, ధైర్యం చాలనివాడు. సరే అన్నాడు.

ఆ పూట నేను మరిచిపోలేను. ఆయనకు చెవుల్లో షూటింగ్‌లో అన్న తన పాత మాట, కళ్ల ముందు తన ముఖం, చేతిలో కాగితం. మూడూ కలవడం లేదు. ప్రతిసారీ పెదాలు ముందు, మాట వెనక. పది టేకులు, ఇరవై టేకులు. అద్దం అవతల మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. జంగయ్యగారి చొక్కా చెమటకు తడిసిపోయింది, అంత ఏసీలో. "వద్దు తమ్మీ, నాతోని గాదు. నువ్వే చెప్పు" అన్నాడు హెడ్‌ఫోన్లు తీసేస్తూ.

నేను వాటిని మళ్లీ ఆయన చెవులకు పెట్టాను. కాగితం లాక్కున్నాను. "తెర చూడకండి అన్నా, నా చెయ్యి చూడండి" అన్నాను. ఆయన్ని అన్నా అని పిలవడం అదే మొదలు. తెర పక్కన నిలబడి, చెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాను, గిర్ని పట్టాలాగా. వేగంగా, కొంచెం నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా. చెయ్యి ఆగిన చోట మాట పడాలి. మొదటిసారే పడింది. తర్వాతదీ పడింది. ఆయన కళ్లలోకి గిర్నిలోని మనిషి తిరిగొచ్చాడు.

చివరికి అసలు సన్నివేశం వచ్చింది. అలిగి వెళ్లిపోయిన కొడుకు పన్నెండేళ్లకు ఇంటి గుమ్మంలో నిలబడతాడు. తండ్రి చూస్తాడు. మాట లేదు, పెదాలు మాత్రం కదులుతున్నాయి. "అక్కడ ఖాళీగా ఉంది, ఏదైనా నింపండి" అని ఇంజనీరు స్పీకర్లో అన్నాడు. జంగయ్యగారు నా వైపు చూశారు.

"గది లవంగం సార్" అన్నారు మైకులో. "దానికి డబ్బింగ్ అక్కెర్లేదు."

అద్దం అవతల అందరూ నవ్వారు. నవ్వు ఆగాక రీలు మళ్లీ వేశారు. నా చెయ్యి తిరిగి తిరిగి ఆగింది. "టికెట్ తీస్కున్నవా?" అన్నారు జంగయ్యగారు కొడుకుతో. అవతల నవ్వబోయిన మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సాయంత్రం నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇబ్రహీంపట్నంలో సినిమా పడిన రోజు నేను సత్తెమ్మగారి పక్కన కూర్చున్నాను. ఆ గుమ్మం సన్నివేశానికి హాలంతా ఊపిరి బిగబట్టింది, తర్వాత నవ్వింది, ఆ నవ్వులోనే ముక్కులు ఎగబీల్చిన చప్పుళ్లు. సత్తెమ్మగారు నా ముంజేయి గట్టిగా పట్టుకున్నారు. "గిప్పుడు మా ఇంటాయన మాట్లాడిండు" అన్నారు. వెనక బెంచీల నుంచి ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. చివర్లో వచ్చే పేర్లలో నా పేరు లేదు, ఉండాల్సిన పనీ లేదు. నేను పని చేసిన సినిమాలన్నిటిలో నా గొంతు లేని ఆ ఒక్కదాన్నే మా పిల్లలకు గర్వంగా చూపిస్తాను.

ఆయన పోయి రెండేళ్లయింది. సంతాప సభలో నన్ను మాట్లాడమని, ఒకసారి జంగన్న గొంతు చేసి వినిపించమని అడిగారు. నేను ఎవరి గొంతైనా చేస్తాను, అదే నా తిండి. ఆ గొంతు చేయనని చెప్పి దిగిపోయాను. ఒకసారి తీసుకున్నది చాలు.

శ్రావణి నిన్న నా జవాబు కోసం ఇంకా ఎదురుచూస్తోంది. "ఏమీ అనకు తల్లీ, ఆగు" అన్నాను. "ఎంతసేపు సార్?" అంది. చెయ్యి ఎత్తి గాల్లో తిప్పాను. వేగంగా, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా. బుగ్గన లవంగంతో ఆ పిల్ల నా చేతి వంకే చూస్తూ నిలబడింది. చెయ్యి ఆగాక కాగితంలోని తర్వాతి మాట అంది. అద్దం అవతల ఎవరో నవ్వారు.